ఆర్సీ హెలికాప్టర్: బొమ్మది బోర్ కొట్టేసిందా? రెండోది కొనే ముందు ఇవి తెలుసుకోండి.. లేదంటే జేబుకు చిల్లే!

యూట్యూబ్‌లోనో, ఇన్‌స్టా రీల్స్‌లోనో ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. మైదానం మధ్యలో ఒకాయన రిమోట్ పట్టుకుని నిలబడి ఉంటాడు. ఎదురుగా హెలికాప్టర్ తలకిందులుగా తిరిగి, గడ్డిని రాసుకుంటూ పోయి, గిర్రున లేచి తోక మీద నిలబడుతుంది. చూడగానే వచ్చే ఆలోచన ఒక్కటే.. "మన ఇంట్లో బీరువా మీద పడి ఉన్నది ఇలా ఎందుకు ఎగరదు?" ఆ వెంటనే ఇంకోటి.. "కాస్త మంచిది కొంటే ఎగురుతుందేమో!" సరిగ్గా ఈ రెండో ఆలోచన దగ్గరే చాలామంది బుక్కయిపోతున్నారు.

ఎందుకంటే వీడియోలో కనిపించేదానికీ, మన హాల్లో ఎగిరేదానికీ మధ్య ఒక్క మెట్టు కాదు, రెండు మూడు మెట్ల తేడా ఉంది. ఒకేసారి పైమెట్టుకు దూకి పదుల వేలు పెట్టి కొన్నవాళ్లలో ఎంతోమంది మొదటి బ్యాటరీ అయిపోకముందే నేలకు కొట్టేస్తారు. విరిగిన పార్టుల లిస్టు చూశాక దాన్ని మళ్లీ బయటకు తీయరు. కాబట్టి షోరూమ్‌లో అయినా, ఆన్‌లైన్‌లో అయినా అడగాల్సిన ప్రశ్న "ఇది ఎంత?" కాదు. "ఇది పడితే ఎంత?"

ముందుగా, మీ దగ్గర ఉన్నది ఏ రకం?

మనలో చాలామందికి మొదటి హెలికాప్టర్ అంటే సైమా ఎస్107 లాంటి బుజ్జి మోడల్. పైన ఒకదాని మీద ఒకటి రెండు జతల రెక్కలు ఉంటాయి. వీటినే కోయాక్సియల్ అంటారు. పై జత ఒకవైపు తిరిగితే కింది జత రెండోవైపు తిరుగుతుంది. దాంతో బాడీ గిరగిరా తిరిగిపోకుండా ఒకదాన్నొకటి బ్యాలెన్స్ చేసుకుంటాయి. పైన బరువులున్న చిన్న కడ్డీ ఒకటి కనిపిస్తుంది కదా, అది హెలికాప్టర్‌ను నిటారుగా నిలబెడుతుంది. అంటే మీరు స్టిక్కు వదిలేసినా అది తనంతట తానే కుదురుకుంటుంది. నిజం చెప్పాలంటే, దాన్ని ఎగరేసేది సగం మీరైతే సగం ఆ కడ్డీ!

దీనికి ఉండేవి మూడు ఛానళ్లు. పైకి-కిందికి, ముందుకు-వెనక్కి, కుడి-ఎడమలకు తిరగడం. అంతే. పక్కకు జరగడం ఉండదు. బయట కొంచెం గాలి వీచినా పక్కింటి డాబా మీదికి పోతుంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ అయితే ఎండలో సిగ్నల్ కూడా సరిగా అందదు. మార్కెట్లో "మూడున్నర ఛానల్" అని రాసిన పెట్టెలు కూడా కనిపిస్తాయి. ఆ అర ఛానల్ వల్ల హెలికాప్టర్‌కు పక్కకు ఎగిరే శక్తి ఏమీ రాదు. దాన్ని చూసి అప్‌గ్రేడ్ అయ్యామని సంబరపడొద్దు.

ఇప్పుడు వచ్చే కొన్ని బొమ్మ మోడళ్లలో ఆల్టిట్యూడ్ హోల్డ్ కూడా ఉంటోంది. అంటే స్టిక్కు వదిలేస్తే ఉన్న ఎత్తులోనే ఆగిపోతుంది. పిల్లలకు బాగానే ఉంటుంది. కానీ థ్రాటిల్‌ను క్షణక్షణం సర్దుకోవడం అనే అసలు విద్య దాంతో రాదు. నేర్చుకుందాం అనుకునేవాళ్లు ఆ ఫీచర్ కోసం డబ్బు పెట్టకపోవడమే మంచిది.

సీలింగ్ ఫ్యాన్‌తో అర్థం చేసుకోండి..

ఆ తర్వాతి మోడళ్లు సింగిల్ రోటర్‌వి. నిజం హెలికాప్టర్‌లా పైన ఒకే రోటర్, తోక దగ్గర చిన్న రోటర్. ఇందులో మళ్లీ రెండు జాతులు ఉన్నాయి. ఒకటి ఫిక్స్‌డ్ పిచ్, రెండోది కలెక్టివ్ పిచ్. కొనేవాళ్లు తికమక పడేది ఇక్కడే. కొంతమంది అమ్మేవాళ్లు కూడా దీని గురించి సరిగా చెప్పరు.

మన ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్కలు ఒక వాలులో బిగించి ఉంటాయి. గాలి ఎక్కువ కావాలంటే రెగ్యులేటర్ తిప్పి స్పీడ్ పెంచుతాం. ఫిక్స్‌డ్ పిచ్ హెలికాప్టర్ కూడా అంతే. పైకి వెళ్లాలంటే రోటర్ వేగంగా తిరగాలి, దిగాలంటే నెమ్మదించాలి. రోటర్ వేగం పెరగడానికి, తగ్గడానికి కాస్త టైమ్ పడుతుంది కాబట్టి స్టిక్కు ఇచ్చాక స్పందన ఆలస్యంగా వస్తుంది. గాలి బలంగా తగిలితే ఒక్కసారిగా పైకి తేలిపోతుంది కూడా.

ఇప్పుడు అదే ఫ్యాన్ రెగ్యులేటర్ ఎప్పుడూ 5 మీదే ఉందనుకోండి. స్పీడ్ మారదు. కానీ తిరుగుతుండగానే రెక్కల వాలును పెంచొచ్చు, తగ్గించొచ్చు, అటు ఇటు తిప్పేయొచ్చు. వాలు ఎక్కువైతే గాలి దంచేస్తుంది. వాలు సున్నా అయితే రెక్కలు తిరుగుతాయి గానీ గాలి రాదు. వాలు రివర్స్ అయితే గాలిని పైకి లాగేస్తుంది. ఇదే కలెక్టివ్ పిచ్. రీల్స్‌లో హెలికాప్టర్ తలకిందులుగా ఎగరడం వెనక ఉన్న కిటుకు ఇదే. స్పందన కూడా అప్పటికప్పుడే ఉంటుంది. అదే దీని బలం, అదే దీని ప్రమాదం. బొటనవేలు కాస్త ఎక్కువ కదిపారా.. ఢమాల్!

కలెక్టివ్ పిచ్ మోడళ్లను 6 ఛానళ్లు అంటారు. ఫిక్స్‌డ్ పిచ్‌వి సాధారణంగా 4 ఛానళ్లు. కొత్తగా చేరే నాలుగో ఛానల్‌తో హెలికాప్టర్ పక్కకు కూడా వాలుతుంది, జరుగుతుంది. డబ్ల్యూఎల్‌టాయ్స్ వీ911 ఇలాంటిదే. ఎన్నోసార్లు పడినా తట్టుకుంటుందని పేరు తెచ్చుకున్న మోడల్ అది.

వేళ్లకు అలవాటైన తప్పు

మూడు ఛానళ్ల బొమ్మల్లో సాధారణంగా కుడి స్టిక్కును పక్కకు కదిపితే హెలికాప్టర్ ముక్కు అటు తిరుగుతుంది. ఎక్కువమంది వాడే మోడ్ 2 రిమోట్‌లో అలా కాదు. ముక్కు తిప్పే పని ఎడమ స్టిక్కుకు వెళ్లిపోతుంది. కుడి స్టిక్కు పక్కకు కదిపితే హెలికాప్టర్ అటు పక్కకు వాలిపోతుంది. అంటే నెలల తరబడి వేళ్లకు పట్టిన అలవాటు ఒక్కరోజులో తప్పైపోతుంది! పాత హెలికాప్టర్‌ను సందుల్లోంచి కూడా పోనిచ్చిన మొనగాళ్లు కొత్తది చేతికి రాగానే గోడకు కొట్టేది ఇందుకే. కంగారు పడి "మోడల్ బాగోలేదు" అని రిటర్న్ పెట్టేస్తారు. మోడల్‌లో ఏ తప్పూ ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. హెలికాప్టర్ ముక్కు మన వైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారైపోతాయి. ఎదురుగా వచ్చే బండి డ్రైవర్‌కు కుడి అయినది మనకు ఎడమ అయినట్టు. దీన్నే నోస్-ఇన్ హోవర్ అంటారు. హాబీలో ఉన్నవాళ్లను ఎవరిని అడిగినా మొదట్లో చుక్కలు చూపించింది ఇదేనని చెబుతారు. డ్రోన్ ఎగరేసినవాళ్లకు ఇది ఇంకా కొత్త. కెమెరా డ్రోన్‌లో స్టిక్కులు వదిలేస్తే జీపీఎస్ సాయంతో ఉన్నచోటే నిలబడిపోతుంది. హెలికాప్టర్‌కు ఆ దయాదాక్షిణ్యాలు లేవు. స్టిక్కు వదిలితే ఎటు వాలి ఉందో అటే పోతుంది. కాబట్టి "నాకు డ్రోన్ వచ్చు కదా" అనే ధీమా ఇక్కడ పెద్దగా పనికిరాదు.

మరి ఏది కొనాలి?

మీ లెవెల్ ఏంటో మీరే తేల్చుకోండి. కోయాక్సియల్ మాత్రమే ఎగరేసినవాళ్లు, ముఖ్యంగా ఇంట్లోనే ఎగరేసేవాళ్లు, 4 ఛానళ్ల చిన్న ఫిక్స్‌డ్ పిచ్ మోడల్ తీసుకోవడం మేలు. తేలికగా ఉంటుంది, పడినా పెద్దగా విరగదు, ఎదుటివాళ్లకు తగిలినా పెద్ద గాయం కాదు. ఇక్కడ ఖర్చయ్యే కొద్దిపాటి డబ్బును ఫీజు అనుకోండి. దాంతో మొదట తోక మీ వైపు ఉంచి, తర్వాత పక్కకు తిప్పి, చివరికి ముక్కు మీ వైపు ఉంచి.. ఇలా మూడు రకాలుగానూ ఒక్కో బ్యాటరీ మొత్తం ఒకేచోట నిలబెట్టగలిగారా? అప్పుడు కలెక్టివ్ పిచ్ గురించి ఆలోచించొచ్చు.

అలాగని ఫిక్స్‌డ్ పిచ్‌లో మూడు నాలుగు మోడళ్లు మార్చుకుంటూ పోవడం కూడా దండగే. ఒకటి చాలు.

కలెక్టివ్ పిచ్‌లో మొదటిది చిన్నదిగా, రెండు మోడ్‌లు ఉన్నదిగా చూసుకోవాలి. ఎక్స్‌కే కే110 రిమోట్‌లో 6జీ, 3డీ అనే స్విచ్ ఉంటుంది. 6జీ మోడ్‌లో స్టిక్కు వదిలితే హెలికాప్టర్ తనంతట తానే సమంగా వస్తుంది. 3డీ మోడ్‌లో ఆ సాయం ఉండదు. బ్లేడ్ కంపెనీ వాళ్లు ఇలాంటి సాయానికే సేఫ్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల 230 ఎస్‌లో అయితే కంగారు పడినప్పుడు నొక్కడానికి పానిక్ బటన్ లాంటిది ఉంటుంది. నొక్కితే హెలికాప్టర్ సమంగా నిలబడడానికి ప్రయత్నిస్తుంది. కానీ నేలకు రెండడుగుల ఎత్తులో ఉన్నప్పుడు నొక్కితే ఏ బటనూ కాపాడలేదు.

ఓఎంపీ హాబీ ఎం1, ఎం2, గూస్కీ ఎస్2 లాంటివి మరో తరం. వీటిలో మోటార్ నేరుగా రోటర్‌ను తిప్పుతుంది. మధ్యలో పెద్ద పళ్ల చక్రం ఉండదు. అంటే పడినప్పుడు అరిగే, విరిగే పార్టుల్లో ఒకటి తగ్గినట్టే. ఎగరడంలో గట్టివే గానీ, రేటు కూడా గట్టిగానే ఉంటుంది. కే110 లాంటిదాన్ని కొన్నాళ్లు ఎగరేశాక వీటి వైపు వెళ్తే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఇక "పెద్దది కొనండి సార్, స్టేబుల్‌గా ఉంటుంది" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. అది అబద్ధం కాదు. అరచేతి సైజువి చిటికెడు గాలికే ఉలిక్కిపడతాయి. తైవాన్ కంపెనీ అలైన్ తెచ్చిన టీ-రెక్స్ 450 సైజువి గాలిలో కుదురుగా ఉంటాయి, దూరంగా ఉన్నా కంటికి బాగా ఆనతాయి. కానీ వాళ్లు చెప్పని రెండో సగం ఏంటంటే, పెద్దది పడితే బిల్లు కూడా పెద్దదే. ఇంట్లో ఎగరేసే అవకాశమే ఉండదు. దెబ్బ తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. పక్కన నేర్పేవాళ్లు లేకుండా 450ని మొదటి కలెక్టివ్ పిచ్‌గా కొనడం మా దృష్టిలో తప్పుడు బేరమే.

పడితే ఎంత? ముందే లెక్కేసుకోండి

కొనబోయే మోడల్ పేరు పక్కన "స్పేర్ పార్ట్స్" అని టైప్ చేసి వెతకండి. మెయిన్ రెక్కలు, తోక రెక్క, తోక గొట్టం, మెయిన్ గేర్, రెక్కల మధ్య ఉండే సన్నటి ఫెదరింగ్ షాఫ్ట్, సర్వో గేర్లు.. ఇవి మన దేశంలో స్టాక్ ఉన్నాయా, వారంలో వస్తాయా చూడండి. ఒక్కసారి బోల్తా పడితే వీటిలో రెండు మూడైనా పోతాయి. చూడ్డానికి బాగానే ఉన్నా ఫెదరింగ్ షాఫ్ట్ వంగి ఉండొచ్చు. అద్దం మీద పెట్టి దొర్లిస్తే తెలిసిపోతుంది. వంగినదాన్నే మళ్లీ బిగించి ఎగరేస్తే మొత్తం వణికిపోతుంది. పార్టులు దొరకని మోడల్ సగం ధరకు వచ్చినా వద్దు.

మోటార్ సంగతి కూడా అడగండి. చిన్న మోడళ్లలో తోకకు బ్రష్డ్ మోటార్ పెడతారు. అది వాడేకొద్దీ అరిగిపోతుంది. బ్యాటరీల మధ్య చల్లారనివ్వకుండా వరసగా ఎగరేస్తే ఇంకా తొందరగా పోతుంది. తోక పట్టు తప్పి హెలికాప్టర్ గిరగిరా తిరగడం మొదలుపెడితే మొదట అనుమానించాల్సింది దాన్నే. బ్రష్‌లెస్ అయితే ఎక్కువ కాలం వస్తుంది. ఒక బ్యాటరీతో ఎగిరేది ఐదారు నిమిషాలే కాబట్టి కనీసం మూడు బ్యాటరీల ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

రిమోట్ విషయంలో మాత్రం మొదటి నుంచే కాస్త ముందుచూపు కావాలి. పెట్టెలోనే రిమోట్ ఉంటే ఆర్టీఎఫ్ అంటారు. రిమోట్ లేకుండా వస్తే బీఎన్ఎఫ్. బీఎన్ఎఫ్ చౌకగా కనిపిస్తుంది గానీ మీ దగ్గరున్న రిమోట్ దాని భాష మాట్లాడాలి. బ్లేడ్ మోడళ్లు స్పెక్ట్రమ్ వారి డీఎస్ఎంఎక్స్‌తో పనిచేస్తాయి, కే110 ఫుటాబా ఎస్-ఎఫ్‌హెచ్ఎస్ఎస్‌తో కలుస్తుంది. అన్ని భాషలూ తెలిసిన రిమోట్ కావాలంటే రేడియోమాస్టర్ టీఎక్స్16ఎస్ లాంటి మల్టీ ప్రోటోకాల్ రకం ఉంది. అయితే అందులోనూ ఫోర్-ఇన్-వన్ వెర్షన్ అని చూసి మరీ తీసుకోవాలి. మంచి రిమోట్ మూడు నాలుగు హెలికాప్టర్లు మారినా మీతోనే ఉంటుంది.

దానికి ఇంకో లాభం కూడా ఉంది. యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపి రియల్‌ఫ్లైట్, నెక్స్ట్ లాంటి సిమ్యులేటర్లలో ప్రాక్టీస్ చేయొచ్చు. స్క్రీన్ మీద వందసార్లు కూల్చినా ఒక్క రూపాయి ఖర్చు కాదు. రోజూ అరగంట చొప్పున ఒక నెల కూర్చుంటే నోస్-ఇన్ భయం చాలావరకు పోతుంది. టచ్‌స్క్రీన్ మీద ఆడే ఫోన్ గేములు మాత్రం దీనికి పనికిరావు. స్టిక్కు మీద బొటనవేలు నేర్చుకోవాల్సింది గాజు మీద రాదు.

ఇది బొమ్మ కాదు.. బ్రూక్లిన్‌లో ఏం జరిగిందంటే

2013 సెప్టెంబర్‌లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక పార్కులో 19 ఏళ్ల యువకుడు తన ఆర్సీ హెలికాప్టర్ రెక్క తలకు తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. కొత్తగా నేర్చుకుంటున్నవాడేమీ కాదు. హెలికాప్టర్ విన్యాసాలు చేస్తూ వీడియోలు కూడా పెట్టినవాడు. ఆ వార్త అప్పట్లో ప్రపంచమంతా తిరిగింది.

ఎలా సాధ్యం అనుకుంటున్నారా? చిన్న లెక్క చూడండి. 450 సైజు హెలికాప్టర్ రోటర్ ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 71 సెంటీమీటర్లు. నిమిషానికి 2,800 సార్లు తిరిగిందనుకుంటే రెక్క కొన గంటకు దాదాపు 370 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అంతకంటే పెద్ద సైజుల్లో రెక్కలు ఇంకా బరువు. అందుకే కలెక్టివ్ పిచ్ రిమోట్‌లో థ్రాటిల్ హోల్డ్ అనే స్విచ్ ఉంటుంది. అది వేస్తే స్టిక్కు ఎక్కడున్నా మోటార్ ఆగిపోతుంది. బ్యాటరీ తగిలించే ముందు అది ఆన్‌లో ఉండాలి. దగ్గరికి నడిచి వెళ్లే ముందు ఆన్‌లో ఉండాలి. పడిపోతోందని అర్థమైన క్షణంలో కాపాడే ప్రయత్నాలు మానేసి అదే వేసేయాలి. రెక్కలు నేలలో ఇరుక్కున్నాక కూడా మోటార్ లాగుతూ ఉంటే పార్టులు కాలిపోతాయి. పెద్ద మోడల్ అయితే కనీసం పది మీటర్ల దూరంలో నిలబడాలి. పిల్లలు, కుక్కలు, ఫోన్ పట్టుకుని దగ్గరికొచ్చే ఫ్రెండ్స్.. ఎవరూ చుట్టుపక్కల ఉండకూడదు. కొత్తలో అయితే కాళ్లకు తగిలించే ట్రైనింగ్ కిట్, అంటే చివర్లలో బంతులున్న పొడవాటి పుల్లలు, బోల్తా పడకుండా చాలాసార్లు కాపాడతాయి.

బ్యాటరీ గురించి కూడా లైట్ తీసుకోవద్దు. లైపో సెల్ ఫుల్ చార్జ్ అంటే 4.2 వోల్టులు. 3.5 కిందికి దింపితే దాని జీవితం తగ్గిపోతుంది. వారం రోజులు ఎగరేయం అనుకుంటే 3.8 దగ్గర ఉంచాలి. చార్జింగ్ పెట్టి నిద్రపోవడం, బయటకు వెళ్లడం చేయొద్దు. ఉబ్బినదాన్ని ఎంత ఖరీదైనదైనా మళ్లీ వాడొద్దు.

ఎక్కడ ఎగరేయొచ్చు?

"ఇది డ్రోన్ కాదు కదా, రూల్స్ ఎందుకు?" అనుకుంటారు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ పైలట్ లేకుండా ఎగిరే అన్నింటికీ వర్తిస్తాయి, అందులో రోటర్ ఉన్నవీ ఉన్నాయి. 250 గ్రాముల లోపువి నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో. అరచేతి సైజు హెలికాప్టర్లు నానోలోకి వస్తాయి, 450 సైజువి మైక్రోలోకి. సరదా కోసం ఎగరేసే నానో, మైక్రోలకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అడగరు. అలాగని ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికి మాత్రం లేదు.

ఎయిర్‌స్పేస్‌ను గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లుగా విడగొట్టారు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు పర్మిషన్ అక్కర్లేదు. ఎయిర్‌పోర్టు సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే. ఎల్లోలో ఏటీసీ అనుమతి, రెడ్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. హైదరాబాద్ వాళ్లు ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్.. నాలుగు చోట్లా రన్‌వేలే. వాటి చుట్టూ గీతలు గీస్తే సిటీలో చాలా భాగం అందులో పడిపోతుంది. విశాఖలో ఎయిర్‌పోర్టుతో పాటు నేవీ స్థావరాలు ఉన్నాయి. మీరు వెళ్లబోయే గ్రౌండ్‌ను ముందుగా డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోండి.

చివరగా, అమెరికాలోనో, దుబాయ్‌లోనో ఉన్న బాబాయితో తెప్పించుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం రెడీమేడ్ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది, విడిభాగాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. పెట్టె మీద హెలికాప్టర్ అని ఉన్నా కస్టమ్స్‌లో ప్రశ్నలు ఎదురుకావొచ్చు. అందుకే మోడల్‌ను ఇక్కడే కొని, ఇక్కడ దొరకని పార్టులు మాత్రం తెప్పించుకోవడం నయం. విడి లైపో బ్యాటరీలు తెస్తుంటే అవి చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, కేబిన్ బ్యాగ్‌లోనే తేవాలి. టెర్మినళ్లకు టేపు వేసి, ఒక్కోదాన్ని విడిగా కవర్‌లో పెట్టమని బాబాయికి ముందే వాట్సాప్ చేయండి.